రికార్డు కొట్టిన సూపర్‌సానిక్ విమానాలను మ్యూజియంకి వెళ్ళి చూడటంలో ఏముంది?

కిటికీ సీటు:
విమానాలంటే పిచ్చి ఇష్టం, మ్యూజియంలంటే మాత్రం నాకు పెద్దగా ఎక్కదు. ఈమధ్య అమెరికా నిఘా విమానం ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ వీడియోలతో మొదలుపెట్టి, రాకెట్ విమానం ఎక్స్-15, ప్రయాణికుల విమానాలు కాంకార్డ్, టీయూ-144 అంటూ ఒకదాని వెంట ఒకటి చూస్తూ పోతున్నాను. ప్రతి వీడియో కింద ఎవరో ఒకరు "ఎదురుగా చూస్తే గానీ అర్థం కాదు" అని రాస్తారు. ఏం అర్థం కాదో మాత్రం ఒక్కరూ చెప్పరు. దాని గొప్పంతా వేగంలోనే కదా, ఆ వేగమే లేకుండా చుట్టూ తాడు కట్టి నిలబెడితే, పందెం గుర్రాన్ని కట్టుకొయ్యకు కట్టేసి చూపించినట్టే అనిపిస్తుంది నాకు. ఫొటోల్లో కాక్‌పిట్ లోపలి మీటర్లు కూడా చదువుకోవచ్చు, అక్కడైతే పది అడుగుల దూరం నుంచి చూడాలి. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. చూసొచ్చినవాళ్ళు మీ కంటికి కొత్తగా ఏం పడిందో చెప్పండి. వెళ్తే దేన్ని ముందు చూడాలో అది కూడా.

రివెట్ల పిచ్చి:
వేగం కనపడదు, ఒప్పుకుంటా. ఆ వేగం కోసం రేకుని ఎన్ని తిప్పలు పెట్టారో పక్కన నిలబడితేనే కనపడుతుంది.

వాషింగ్టన్ దగ్గర, వర్జీనియాలో ఉడ్వర్-హేజీ సెంటర్ అని స్మిత్సోనియన్ వాళ్ళది ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఎస్‌ఆర్-71 ముక్కు మీకేసి చూస్తూ ఉంటుంది. ఫొటోల్లో నున్నగా, నల్లగా, ఒకే ముక్క పోతపోసినట్టు ఉంటుంది కదా, ఒక్కసారి రెక్క పక్కకి వచ్చి వెలుతురు ఏటవాలుగా పడే చోట నిలబడండి. రెక్క పైన ముందు నుంచి వెనక్కి సన్నటి ముడతలు వరసగా కనిపిస్తాయి. మాక్ 3, అంటే ధ్వని వేగానికి మూడు రెట్లు, దాటాక పైతొడుగు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, లోపలి చట్రం అంత తొందరగా వేడెక్కదు. నున్నటి రేకు వేస్తే సాగడానికి చోటు లేక వంకర్లు తిరిగిపోతుంది. ముడతలు ముందే పెట్టి ఉంటే ఆ సాగుడంతా వాటిలోనే సర్దుకుంటుంది. గాలికి నున్నగా ఉండాలి, వేడికి ముడతలు ఉండాలి, ఈ రెండింటి మధ్య వాళ్ళు పడ్డ రాజీ ఆ రెక్క మీద రాసిపెట్టి ఉంది. వీడియోలో విన్నా ఇది నాకు బుర్రకెక్కలేదు.

తర్వాత వంగి చక్రాల వైపు చూడండి. టైర్లు నల్లగా ఉండవు, వెండి కలిసిన బూడిద రంగు, ఎందుకంటే వేడి తట్టుకోవడానికి రబ్బరులో అల్యూమినియం పొడి కలిపారు. విమానం దాదాపు మొత్తం టైటానియం. ఆ టైటానియంలో కొంత అడ్డదారిన సోవియట్ యూనియన్ నుంచే కొన్నారు, ఏ దేశం మీద నిఘా పెట్టడానికి చేశారో ఆ దేశం నుంచే! దీని మీద గంటసేపు రాయగలను కానీ వద్దులెండి.

ఇంకో సంగతి. ఈ విమానం మ్యూజియంకి రావడమే రికార్డు కొడుతూ వచ్చింది. 1990 మార్చి 6న ఎడ్ యీల్డింగ్, జోసెఫ్ వైడా దాన్ని లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో తెచ్చి, డల్లెస్ ఎయిర్‌పోర్టులో దించి, స్మిత్సోనియన్‌కి అప్పగించేశారు. దారిలో సెయింట్ లూయిస్ నుంచి సిన్సినాటికి 8 నిమిషాల 32 సెకన్లు. ఇప్పుడు ఉన్న భవనం ఆ ఎయిర్‌పోర్టు పక్కనే.

తోకచుక్క:
నేను కొంచెం అడ్డం చెప్తా. మ్యూజియంలో కనిపించేదంతా జరిగింది జరిగినట్టు ఉంటుందనుకోకండి.

ఎక్స్-15ఏ-2 సంగతే చూడండి. 1967 అక్టోబర్ 3న పీట్ నైట్ దాన్ని మాక్ 6.7 దాకా తీసుకెళ్ళాడు, గంటకు 7,274 కిలోమీటర్లు. ఆ రోజు ఒంటినిండా కాలి రాలిపోయే రకం పూత పూశారు, పూత గులాబీ రంగు, దాని మీద తెల్ల పొర. కింది తోకరెక్కకి ర్యామ్‌జెట్ అనే ఇంజన్ డమ్మీ ఒకటి వేలాడదీశారు. దాని షాక్ తరంగాలు వచ్చి తోకరెక్కకి తగిలిన చోట వేడి లెక్కకు మించి పెరిగి లోహానికే చిల్లులు పడ్డాయి, డమ్మీ ఊడి పడిపోయింది. నేల మీద దిగాక చూస్తే ఒళ్ళంతా మాడి ఉంది. ఆ తర్వాత ఆ విమానం మళ్ళీ ఎగరలేదు. ఇప్పుడు ఒహాయోలోని డేటన్‌లో, అమెరికా వైమానిక దళం మ్యూజియంలో ఉన్నది అదే విమానం, కానీ శుభ్రంగా నల్ల రంగు వేసి ముస్తాబు చేసి పెట్టారు. నాకైతే ఆ మాడిన తోకరెక్కే కావాలి. అసలు చూడాల్సిందే అది. ఆ ఫొటోలు మీకు ఇంట్లో కూర్చున్నా దొరుకుతాయి, కాబట్టి కిటికీ సీటు గారి ప్రశ్నలో న్యాయం ఉంది.

గాలివాటం:
తోకచుక్క గారూ, రంగు వేసినా అది అదే విమానం కదండీ, అక్కడే ఉంది కిటుకంతా. రికార్డు కొట్టేది మోడల్ కాదు, ఒక నంబరున్న ఒక్క విమానం. ఎస్‌ఆర్-71లు 32 తయారైతే 1976 జులై 28 నాటి వేగం రికార్డు, గంటకు 3,529 కిలోమీటర్లు, నంబరు 958ది. అది జార్జియాలో వార్నర్ రాబిన్స్‌లోని మ్యూజియం ఆఫ్ ఏవియేషన్‌లో ఉంది. అదే రోజు ఎత్తు రికార్డు, ఒకే ఎత్తులో నిలకడగా ఎగురుతూ 25,929 మీటర్లు, 962ది. అది ఇంగ్లాండ్‌లో డక్స్‌ఫర్డ్‌లో ఉంది, అమెరికా బయట ఉన్న ఎస్‌ఆర్-71 అదొక్కటే. కాబట్టి వెళ్ళేముందు తోక మీది నంబరు చూసుకుని వెళ్తే ఆ మజానే వేరు.

కొన్నిటికి ఆ యోగం కూడా లేదు. మనిషి మొదటిసారి మాక్ 3 దాటింది బెల్ ఎక్స్-2లో, 1956 సెప్టెంబర్ 27న, మెల్ ఆప్ట్. దాటిన కాసేపటికే విమానం అదుపు తప్పి ఆయన చనిపోయాడు. రెండోది అంతకు ముందే, 1953లో, పేలిపోయింది. చేసిందే రెండు, కాబట్టి మాక్ 3 మొదట దాటిన విమానం ఏ మ్యూజియంలోనూ మీకు కనపడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, ఫెయిరీ డెల్టా 2. 1956 మార్చి 10న పీటర్ ట్విస్ దాన్ని గంటకు 1,132 మైళ్ళతో నడిపాడు, వెయ్యి మైళ్ళు దాటిన మొదటి రికార్డు. అంతకు ముందున్నది 822 మైళ్ళు. ఒక్క దెబ్బకి 300 మైళ్ళకు పైగా పెంచాడు, ఇంతింత గెంతులు ఆ పట్టికలో అరుదు. తర్వాత ఆ విమానాన్ని ఏం చేశారో తెలుసా? రెక్కలు తీసేసి, కాంకార్డ్ రెక్క ఆకారం పరీక్షించడానికి వేరే రెక్కలు పెట్టి, బీఏసీ 221 అని పేరు మార్చేశారు. ఇప్పుడది యోవిల్టన్‌లోని ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ మ్యూజియంలో, బ్రిటన్‌లో ఎగిరిన మొదటి కాంకార్డ్ 002 దగ్గరే ఉంది. రెండింటి రెక్కల అంచుల వంపు మార్చి మార్చి చూడండి, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఎవరూ వివరించక్కర్లేదు.

కిటికీ సీటు:
రెక్క ముడతల సంగతి నేను ఎక్కడా గమనించలేదు, మళ్ళీ వెళ్ళి వీడియో ఆపి చూశాను, ఉన్నాయి. సరే, రెండు డౌట్లు. ఒకటి, ఎక్స్-15 7,274 వెళ్తే మరి ఎస్‌ఆర్-71 3,529తో "ప్రపంచంలో అత్యంత వేగం" అని ఎలా రాసుకుంటుంది? రెండు, ఎస్‌ఆర్-71 నేల మీద ఉన్నప్పుడు ఇంధనం కారిపోయేలా కావాలనే డిజైన్ చేశారంటారు, అది నిజమేనా?

హ్యాంగర్ తాత:
మొదటిది తేలిక. ఎక్స్-15 సొంతంగా నేల మీద నుంచి లేవదు. బీ-52 రెక్క కింద వేలాడుతూ పైకి వెళ్ళి, అక్కడ వదిలాక రాకెట్ అంటించుకుని నిమిషంన్నర, రెండు నిమిషాల్లో ఇంధనం అవగొట్టుకుని, ఆపైన గ్లైడర్‌లా దిగేది. ఎస్‌ఆర్-71 రన్‌వే మీద నుంచి లేచి, గాలి పీల్చుకునే జెట్ ఇంజన్లతో ఆ వేగం అందుకుంది. విమాన రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏఐ వాళ్ళ పట్టికలో ఈ రెండూ ఒక గాటన కట్టరు. ఎవరు గొప్ప అని కొట్టుకోవాల్సిన పనే లేదు. వేగం ఒక్కటే చూస్తామంటే నాసా ఎక్స్-43ఏ 2004 నవంబర్‌లో మాక్ 9.6 దగ్గర వెళ్ళింది, కానీ లోపల మనిషి లేడు, పని అయ్యాక పసిఫిక్ సముద్రంలో పడిపోయింది. చూడాలంటే మునగాలి.

రెండోది సగం నిజం. కారేది, బాగానే కారేది. రెక్కల్లోనూ ఒంట్లోనూ ట్యాంకులకి వేరే గోడ అంటూ లేదు, విమానం తొడుగే ట్యాంకు గోడ. అతుకుల మధ్య సీలెంట్ పూస్తారు. ఒకసారి ఎగిరితే కాగి సాగుతుంది, దిగితే చల్లారి ముడుచుకుంటుంది, ఇలా మళ్ళీ మళ్ళీ జరిగితే ఏ సీలెంట్ అయినా బీటలు తీస్తుంది. అంత వేడి తట్టుకుని బీటలు తియ్యనిది వాళ్ళకి దొరకలేదు, కాబట్టి ఎన్ని చుక్కలు కారితే పర్వాలేదో లెక్క రాసుకుని బతికారు. కావాలని చిల్లులు పెట్టారనడం కథ. ఆ జేపీ-7 ఇంధనం కూడా మామూలుగా అంటుకునేది కాదు, అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుంది. ఇంజన్ ముట్టించడానికే టీఈబీ అనే వేరే రసాయనం చిమ్మాల్సి వచ్చేది, అది గాలి తగిలితే చాలు ఆకుపచ్చ మంటతో భగ్గుమంటుంది.

ఈ అతుకులు కూడా దగ్గర నుంచే చూడాలి, బాబూ. పలకల మధ్య గీతలు చూసుకుంటూ ముక్కు నుంచి తోక దాకా నడవండి, చెయ్యి మాత్రం పెట్టకండి, గార్డు ఊరుకోడు.

నీలిరెక్క:
అందరూ సైన్యం విమానాలు, పరీక్షల విమానాల మీదే పడ్డారు. లోపలికి ఎక్కి చూడాలంటే కాంకార్డే దిక్కు. న్యూయార్క్ నుంచి లండన్‌కి 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో వెళ్ళిన విమానం, 1996 ఫిబ్రవరి 7 నాటిది, జీ-బీఓఏడీ, న్యూయార్క్‌లోనే ఇంట్రెపిడ్ మ్యూజియంలో ఉంది. డక్స్‌ఫర్డ్‌లో ఉన్నది జీ-ఏఎక్స్‌డీఎన్, పరీక్షల కోసం వాడినది, కాంకార్డ్‌లన్నిటిలోకీ ఎక్కువ వేగం అందుకుంది అదే, 1974 మార్చిలో మాక్ 2.23. దాని లోపల వరసగా ప్రయాణికుల సీట్లు ఉంటాయని వెళ్తే ఆశ్చర్యపోతారు, కొలతలు తీసే యంత్రాల బీరువాలు ఉంటాయి.

లోపలికి వెళ్ళాక ముందు కిటికీ చూడండి. అరచేయంత ఉంటుంది. 18 కిలోమీటర్ల ఎత్తులో ఒక కిటికీ పగిలితే లోపలి గాలి నెమ్మదిగా పోవాలి, పైలట్ కిందికి దించేలోపు మనుషులు బతకాలి, అందుకని అంత చిన్నది. పైకప్పు తక్కువ, నడవా ఇరుకు. అంత టికెట్ పెట్టి కొన్నవాళ్ళు కూర్చున్నది ఇందులోనా అనిపిస్తుంది.

కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ ప్యానెల్‌కీ వెనక గోడకీ మధ్య అతుకు ఒకటి ఉంటుంది. గాలిలో వేడికి విమానం మొత్తం 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా పొడుగు సాగితే ఆ అతుకు దగ్గర చెయ్యి పట్టేంత సందు తెరుచుకునేది, దిగి చల్లారాక మూసుకుపోయేది. సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌కి చివరిసారి వచ్చిన కాంకార్డ్‌లో ఇంజనీర్ తన టోపీని ఆ సందులో పెట్టాడు, విమానం చల్లారింది, టోపీ ఇరుక్కుపోయింది. ఇంకెప్పుడూ వేడెక్కదు కాబట్టి ఆ సందు ఇంకెప్పుడూ తెరుచుకోదు. కిటికీ సీటు గారూ, వేగం కనపడదన్నారు కదా, మాక్ 2 అంటే ఏమిటో నాకు ఏ అంకె కంటే ఆ టోపీ బాగా చెప్పింది.

తోకచుక్క:
టోపీ దెబ్బకి నేను పడిపోయాను. మాడిన తోకరెక్క విషయంలో మాత్రం తగ్గను.

గాలివాటం:
😄 పోనీ, డేటన్‌లోనే మీకు నచ్చేది ఒకటుంది. ఇరాక్‌లో ఇసుకలో పాతిపెట్టిన సోవియట్ యుద్ధ విమానం మిగ్-25ని 2003లో తవ్వి తీసి అక్కడికి తెచ్చారు. మిగ్-25 టైటానియం జోలికి పెద్దగా పోకుండా చాలామటుకు స్టీలుతో వెల్డింగ్ చేసి కట్టిన విమానం. దాని రికార్డు రకం ఈ-266ఎమ్‌తోనే 1977 ఆగస్టు 31న అలెగ్జాండర్ ఫెడొటోవ్ 37,650 మీటర్ల ఎత్తుకి వెళ్ళాడు. డేటన్‌లో ఉన్నది ఆ రికార్డు విమానం కాదు, మామూలు సైన్యం వాడినది. అదే మ్యూజియంలో మాక్ 3 బాంబర్ ఎక్స్‌బీ-70 కూడా ఉంది, ఆరు ఇంజన్లు. చేసిన రెండింటిలో మిగిలింది అదే.

కిటికీ సీటు:
సరే, వెళ్దామనే అనిపిస్తోంది. ఒకే ట్రిప్పులో ఎక్కువ చూడాలంటే ఎటు వెళ్ళాలి? అమెరికాకా, యూరప్‌కా?

రివెట్ల పిచ్చి:
రికార్డు విమానాలే కావాలంటే అమెరికా. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ విమాన మ్యూజియం వాళ్ళ దగ్గర మొదటిసారి ధ్వని వేగం దాటిన బెల్ ఎక్స్-1 ఉంది, 1947 అక్టోబర్ 14న చక్ యీగర్ నడిపినది, నారింజ రంగు, పొడవు పదిమీటర్లు కూడా ఉండదు. మొదటిసారి మాక్ 2 దాటిన స్కైరాకెట్, ఇంకో ఎక్స్-15 కూడా వాళ్ళవే. ఉడ్వర్-హేజీ అక్కడికి దగ్గరే, డేటన్ వేరే రోజు. ఎక్కడా ప్రవేశానికి డబ్బులు తీసుకోరు, ఉడ్వర్-హేజీలో పార్కింగ్‌కి మాత్రం తీసుకుంటారు. ఎక్కి తిరగడమే ముఖ్యమైతే జర్మనీలో సిన్స్‌హైమ్ వెళ్ళండి, కాంకార్డ్, టీయూ-144 రెండూ పక్కపక్కన డాబా మీద, గాలిలోకి లేస్తున్న భంగిమలో పెట్టారు, రెండింటి లోపలికీ వెళ్ళొచ్చు. నేల ఏటవాలుగా ఉంటుంది, మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే ముందే చెప్పండి. టీయూ-144 కాక్‌పిట్ వెనక మీసాల్లాంటి చిన్న రెక్కలు రెండు ఉంటాయి, అవి చూడకుండా దిగొద్దు.