పోయినేడాది కుండీల మట్టి పారేయాలా, మళ్ళీ వాడొచ్చా?

పద్నాలుగు కుండీలు:
చలి ఇంకా తగ్గలేదు, నాకు మాత్రం చేతులు ఊరుకోవడం లేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఖాళీ కుండీలు చూసి వస్తున్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు.

మొత్తం 14 కుండీలు. పోయినేడాది టమాటా, మిరప, వంగ వేశాను. పశువుల ఎరువు తప్ప ఇంకేమీ వేయలేదు. మొదటి రెండు నెలలు కాపు బాగుంది. తర్వాత కింది ఆకులు పసుపుబారి, కాయలు గోళీలంత అయ్యాక ఆగిపోయాయి. ఇప్పుడు మట్టి ఇటుకలా ఉంది. నీళ్ళు పోస్తే అంచుల వెంట జారి అడుగు నుంచి వచ్చేస్తున్నాయి, మధ్యలో మాత్రం పొడి. ఈ మట్టి అంతా పారేయాలా?

నారుపోసేవాడు:
పారేయకండి, మట్టి చచ్చిపోలేదు, ఆకలి మీద ఉందంతే. కుండీలో వేరు ఎంత దూరమని వెళ్తుంది? ఉన్నది తినేసింది, మీరు పోసిన నీళ్ళతో కొంత కొట్టుకుపోయింది.

ముందు కుండీలు బోర్లించి గడ్డలు చిదపండి, పాత వేళ్ళు ఏరేయండి. రెండు పాళ్ళ పాత మట్టికి ఒక పాలు బాగా మాగిన కంపోస్ట్, గుల్లగా ఉండటానికి కాస్త కొబ్బరి పొట్టు. పొట్టును ముందు రెండుమూడు సార్లు కడగండి, కొన్నిట్లో ఉప్పు ఉంటుంది. అంతా తడిపి, కప్పి, నాటే దాకా వదిలేయండి.

‘బాగా మాగిన’ అని ఊరికే అనలేదు. ఒక ఏడాది నాక్కూడా మీలాగే తొందర. సగం కుళ్ళిన ఆకులు, రంపపు పొట్టు కలిపేసి నారు నాటాను. పది రోజుల్లో మొక్కలన్నీ పాలిపోయాయి. ఆ పొట్టును కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని లాగేసుకున్నాయి, మొక్కకు మిగల్లేదు. నేనేమో నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోశాను! కంపోస్ట్ చేతిలోకి తీసుకుంటే అడవి మట్టి వాసన రావాలి. వేడిగా ఉన్నా, ఘాటు వాసన వచ్చినా ఇంకా ఆగాలి.

బాల్కనీ బఠానీ:
అడుగున గులకరాళ్ళు వేసే అలవాటుంటే మానేయండి. నీళ్ళు బాగా దిగుతాయని అందరూ వేస్తారు. నిజానికి రాళ్ళ పైనున్న మట్టిలోనే తడి ఆగుతుంది, వేళ్ళకు చోటు తగ్గుతుంది. కన్నాలు సరిగ్గా ఉంటే చాలు.

పద్నాలుగు కుండీలు:
ఇవాళ 5 కుండీలు బోర్లించాను. నడుం పట్టేసింది. ఒక వంగ కుండీలో వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలున్నాయి, పూసల దండలా. ఇవి మంచివేనా? చిక్కుడు వేళ్ళకు ఉండేవి మంచివని ఎక్కడో చదివాను.

నారుపోసేవాడు:
చిక్కుడు, బఠానీ జాతి వేళ్ళకైతే మంచివే, నత్రజని పట్టే బుడిపెలు. వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీకితే ఊడొస్తాయి. వంగకు మాత్రం అవి ఉండవండీ. మీరు చూసింది నులిపురుగుల పని, అంటే వేళ్ళలో చేరే కంటికి కనిపించనంత సన్నటి పురుగులు. వాటివల్ల వేరు తానే ఉబ్బుతుంది. ఆ ఒక్క కుండీ మట్టి పారేయండి, మిగతావాటిలో కలపొద్దు, కంపోస్ట్‌లో అసలే వేయొద్దు. కుండీనీ, మట్టి తవ్విన పనిముట్టునీ కడగండి.

ఇక తొందర సంగతి. టమాటా, మిరప విత్తనాలు ఇంట్లో వెచ్చటి చోట చిన్న కప్పుల్లో పోసుకోండి, బయట నాటడానికి 6 నుంచి 8 వారాల ముందు. పైన తడి ఆరకుండానే నీళ్ళు పోస్తే నారు మొదలు దగ్గర కుళ్ళి పడిపోతుంది. బయట పెట్టేముందు వారం రోజులు పగటిపూట కాసేపు ఎండ, గాలి చూపించండి. చలిలో సేంద్రియ ఎరువు గుమ్మరించకండి. మట్టి చల్లగా ఉంటే సూక్ష్మజీవులు మందగిస్తాయి, ఎరువు అలాగే పడి ఉంటుంది.

బాల్కనీ బఠానీ:
అప్పటిదాకా చేతులు ఊరుకోకపోతే బఠానీ, పాలకూర వేయండి. కొద్దిపాటి చలికి భయపడవు.

పద్నాలుగు కుండీలు:
ఇక 13 కుండీలే అన్నమాట. పేరు మార్చుకోవాలేమో! పాలకూర విత్తనాలు ఉన్నాయి, సాయంత్రమే వేస్తాను.