మాంగనీసు గోతుల పక్కన బంగారం, రాగి వెతకనివ్వాలా?

గరివిడి రైతుబిడ్డ:
మా ఊరు విజయనగరం జిల్లాలో, గరివిడికీ చీపురుపల్లికీ మధ్య. చుట్టూ పాత మాంగనీసు గోతులే. దేశంలో మొదటిసారి మాంగనీసు తవ్వింది మనవైపేనని, అది 1892 నాటి మాట అని బళ్లో మేష్టారు గర్వంగా చెప్పేవారు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర ఒకటే చర్చ. 2023లో గనుల చట్టం మార్చి, బంగారం, రాగి లాంటి లోతు ఖనిజాలు వెతకడానికి ప్రైవేటు వాళ్లకి ఎక్స్‌ప్లోరేషన్ లైసెన్సు పెట్టారు కదా, పాత గనుల ప్రాంతం కాబట్టి మనవైపూ వస్తారని. మా ఊరికి ఇంకా ఎవరూ రాలేదు. వస్తే ఏం చెప్పాలన్నదే నా టెన్షన్.

మా నాన్న "వెతుక్కోనీ, మనకి పోయేదేముంది" అంటాడు. నేను ఒప్పుకోను. మా పెద్దనాన్న పాడిగేదె వానాకాలంలో ఒక పాత గోతిలో పడి చచ్చిపోయింది. ఆ గోయి తవ్విన కంపెనీ ఎప్పుడో వెళ్లిపోయింది. కంచె లేదు, బోర్డు లేదు. పాతవి సరిచేశాకే కొత్త కన్నం అన్నది నా మాట. మీరేమంటారు?

వేగావతి ఒడ్డు:
మీ బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ మా ఊళ్లో డిగ్రీ చదివిన కుర్రాళ్లు సగం మంది హైదరాబాద్, చెన్నైల్లో వాచ్‌మన్ పనులు చేస్తున్నారు. గరివిడి ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ మీద ఎన్ని కుటుంబాలు బతికాయో మీకే బాగా తెలుసు. వెతకడానికే అడ్డుపడితే, నేల కింద ఏముందో తెలియకుండానే తలుపు వేసుకున్నట్టు. అయినా సువర్ణముఖి అని మన ఏటికి పేరు ఊరికే పెట్టి ఉంటారా?

రాళ్ల మేష్టారు:
జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ముందు ఒక అపోహ తీసెయ్యాలి. మాంగనీసు ఉంది కాబట్టి బంగారం ఉంటుందనుకోవడం తప్పు. కోలారు, హట్టి, మన రామగిరి, జొన్నగిరి, ఇవన్నీ ధార్వాడ్ శిస్టు అనే పాత రాతి పట్టీల్లో ఉన్న బంగారాలు. మన తూర్పు కనుమలది ఖొండలైటు, చార్నొకైటు రాయి. భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై మారిన శిల. మన మాంగనీసు కూడా ప్రత్యేకమైనదే. దాన్ని పట్టుకుని ఉండే ఒక రాయికి ఫెర్మర్ అనే శాస్త్రవేత్త మన కోడూరు గని పేరు మీదే కోడురైటు అని పేరు పెట్టాడు. అందులోని అపటైటు అనే భాస్వర ఖనిజం వల్లే మన ఖనిజంలో భాస్వరం ఎక్కువని ఉక్కు కర్మాగారాల వాళ్లు అంటారు. అదొక కథ, బంగారం వేరొక కథ.

సువర్ణముఖి పేరు సాక్ష్యం కాదమ్మా. అయితే ఏటి ఇసుకనీ గెడ్డల్లోని, అంటే వాగుల్లోని, ఒండ్రునీ తీసుకెళ్లి పరీక్షించడం నిజంగానే అన్వేషణలో మొదటి మెట్టు. వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాల బంగారం ఉన్నా ల్యాబులో తెలుస్తుంది. ఆ మెట్టులో ఏమీ దొరక్కపోతే చాలాచోట్ల కథ అక్కడితో అయిపోతుంది. అందుకే వెతకడాన్ని చూసి భయపడొద్దంటాను.

రిగ్గు మీద పదేళ్లు:
మేష్టారూ, నమస్కారం. మాది రాజాం దగ్గర. నేను కోర్ డ్రిల్లింగులో పని చేశాను, ఎక్కువగా రాయలసీమలో. ఇక్కడ చాలామంది డ్రిల్లింగ్ అంటే బాంబులు పేల్చడం అనుకుంటున్నారు. కాదు. వజ్రాల బిట్టుతో రాయిని గుండ్రంగా కోసి కడ్డీలా పైకి తీస్తాం. ఆ కడ్డీనే కోర్ అంటాం. ఎక్కువగా వాడే సైజులో దాని మందం 47.6 మిల్లీమీటర్లు, అంటే మణికట్టంత కూడా ఉండదు. దాన్ని పెట్టెల్లో వరసగా పేర్చి, నిలువునా చీల్చి, సగం ల్యాబుకి పంపి సగం దాచుతారు. రాగి కోసమైతే అంతకుముందే నేలలోకి కరెంటు పంపి సల్ఫైడు, అంటే గంధకం కలిసిన ఖనిజం, ఎక్కడుందో చూస్తారు.

ఇబ్బంది ఉండేది నీటి దగ్గర. బిట్టు చల్లబడాలంటే రోజంతా నీళ్లు తిరుగుతూ ఉండాలి. ట్యాంకరు ఎవరి బోరు దగ్గర నింపుతున్నారో ఊరు చూసుకోవాలి. రిగ్గు పక్కన తవ్విన బురద గుంట పూడ్చించాలి. పని అయ్యాక కన్నాన్ని సిమెంటుతో మూయించాలి. ఒకచోట మేం మూయకుండానే వచ్చేశాం. అడిగినవాళ్లు లేరు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అడిగే ఊరుంటే మూస్తారు, అది మాత్రం కళ్లారా చూశాను.

సీతంపేట కొండవారు:
మా మండలం ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. మాది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల భూములకి రాజ్యాంగ రక్షణ ఉన్న చోటు. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు మా భూముల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజు చెల్లదంది. మైదానంలో ఉన్న మీకు ఆ రక్షణ లేదు. అందుకే "వెతకడమే కదా" అన్న మాట నాకు మింగుడుపడట్లేదు. లైసెన్సు ఒక్కొక్కటి వెయ్యి చదరపు కిలోమీటర్ల వరకు ఇవ్వొచ్చు. ఐదేళ్లు, కావాలంటే ఇంకో రెండేళ్లు. మూడేళ్ల తర్వాత నాలుగో వంతు వరకే ఉంచుకోవాలి, నిజమే. కానీ ఆ మూడేళ్లలోనే బ్రోకర్లు దిగుతారు, పాస్‌పుస్తకాలు చేతులు మారతాయి. రిగ్గు కనపడకముందే భూమి పోతుంది.

వేగావతి ఒడ్డు:
అక్కా, బ్రోకర్ల సంగతి ఒప్పుకుంటాను. భోగాపురం విమానాశ్రయం మాట రాగానే చుట్టుపక్కల ఏమైందో చూశాం. అయినా దొరికితే ఊరికి ఏమీ రాదంటారా? 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది కదా. వేలంలో ఇచ్చిన గనైతే రాయల్టీలో 10 శాతం అందులో పడుతుంది.

గరివిడి రైతుబిడ్డ:
ఆ నిధి డబ్బు నేల లోపల ఖనిజం ఉన్నంతకాలమే వస్తుంది. తవ్వకం ఆగాక ఊరు ఎలా ఉంటుందో కూడా చూడాలి. మొన్న మా బావ పని మీద కోలారు వెళ్లొచ్చాడు. వందేళ్లకి పైగా నడిచి, మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన గని. 2001లో మూసేశారు. సైనైడుతో బంగారం తీయగా మిగిలిన మట్టి గుట్టలు ఇప్పటికీ ఊరి పక్కన నిలబడి ఉన్నాయి, గాలికి దుమ్ము ఇళ్లలోకి వస్తోంది. రాగి లెక్క కూడా చూడండి. ఒక శాతం రాగి ఉంటే మంచి ఖనిజమే అంటారు. అంటే టన్నుకి పది కిలోలు రాగి, మిగిలిన 990 కిలోలు మన దగ్గరే. అందులో సల్ఫైడు ఉంటే వాన నీటితో కలిసి ఆమ్లమై గెడ్డలోకి దిగుతుంది.

ఇంకొకటి, నన్ను ఎక్కువగా తొలిచేది. కొత్త చట్టంలో వెతికేవాడే తవ్వేవాడు కానక్కర్లేదు. వెతికినవాడు నివేదిక ఇస్తే ప్రభుత్వం ఆ బ్లాకుని వేలం వేస్తుంది. ఆ వేలం సొమ్ములో వెతికినవాడికి వాటా వస్తుంది. అంటే ఊళ్లోకి వచ్చి తీపిగా మాట్లాడి మాట ఇచ్చేది ఒకడు, రేపు గోయి తవ్వేది ఇంకొకడు కావచ్చు. మొదటివాడి మాటకి రెండోవాడు కట్టుబడి ఉండాలన్న కాగితం ఎక్కడుంది?

రాళ్ల మేష్టారు:
బాబూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. నువ్వన్నది సరైన ప్రశ్న. అయినా పూర్తిగా వద్దనడం నాకు ఇష్టం లేదు. భూమి గురించిన సమాచారం ఊరికి కూడా పనికొస్తుంది. ఎక్కడ రాయి పగుళ్లలో నీరుందో ఆ కోర్లే చెబుతాయి. షరతులు గ్రామసభ తీర్మానంలో రాయించాలి, వేలం పత్రాల్లో చేర్చమని కలెక్టరుకి పంపాలి. గని మూసేటప్పుడు ఏం చేయాలో ప్లాను ఇవ్వాలన్న నిబంధన 2003లోనే వచ్చింది. అంతకుముందు వదిలేసిన గోతుల గురించి ఇప్పుడే అడగాలి.

సీతంపేట కొండవారు:
తీర్మానాలు మేం చాలా రాశాం మేష్టారూ. నేను ఇంకా వద్దనే అంటాను. కానీ పాత గోతుల లెక్క తీయడానికి నా పూర్తి మద్దతు.

గరివిడి రైతుబిడ్డ:
అయితే అక్కడే మొదలుపెడతాను. గ్రామసభలో అర్జీ పెట్టడానికి మా మండలంలో కంచె లేని గోతుల జాబితా రాస్తున్నాను. సర్వే నంబరు, లోతు, వానాకాలంలో నీరు నిలుస్తుందా, దగ్గర్లో బడి ఉందా, ఈ నాలుగూ చాలు. ఇప్పటికి పదకొండు దొరికాయి. చీపురుపల్లి, గర్భాం వైపు వాళ్లు మీవి ఇక్కడే రాయండి.

రిగ్గు మీద పదేళ్లు:
గర్భాం రోడ్డు పక్కన మా అత్తగారి ఊరి వెనక రెండున్నాయి. ఆదివారం వెళ్తున్నాను, తాడు కట్టి లోతు కొలిచి రాస్తాను.