మా కాలనీ పక్క పార్కు జోన్ స్థలంలో వృద్ధుల అపార్ట్‌మెంట్లు: అభ్యంతరం పెట్టాలా, షరతులు అడగాలా?

మధురవాడ కాలనీవాసి:

అందరికీ నమస్కారం. మాది విశాఖలో మధురవాడ వైపు. మా కాలనీని ఆనుకుని సుమారు మూడెకరాల ఖాళీ స్థలం ఉంది. ఎవరిదో పట్టా భూమే, కానీ మాస్టర్ ప్లాన్ మ్యాపులో పార్కులు, ఆటస్థలాలకు వేసే ఆకుపచ్చ రంగులో ఉంది. ఇప్పుడు ఆ యజమాని ఒక బిల్డర్‌తో కలిసి, అరవై దాటినవాళ్ళకే ఫ్లాట్లు కడతాం, జోన్ మార్చి రెసిడెన్షియల్ చేయండి అని దరఖాస్తు పెట్టుకున్నాడు. మొన్న అది కార్పొరేషన్ కౌన్సిల్ ఎజెండాలోకి వచ్చింది, చాలాసేపే వాదన జరిగింది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఇక్కడ పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండిపోతున్నారు, ఇలాంటివి కచ్చితంగా రావాలి అని కొందరు కార్పొరేటర్లు, వృద్ధుల పేరు చెప్పి పార్కు స్థలం కాజేస్తున్నారు అని ఇంకొందరు. తేలక చివరికి వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఈలోగా మా కాలనీ రెండుగా చీలిపోయింది. వద్దన్నవాళ్ళని "మీ ఇంట్లో ముసలివాళ్ళు లేరా" అంటున్నారు, కావాలన్నవాళ్ళని "బిల్డర్ మనుషులు" అంటున్నారు. వాట్సాప్ గ్రూపు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. నాకు రెండు పక్కలా న్యాయం కనిపిస్తోంది. మా నాన్నగారికి 78, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు, అలాంటి చోటు దగ్గర్లో ఉంటే ఆయన సంతోషంగా వెళ్తారు. కానీ అదే స్థలంలో సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడతారు, పల్లం వైపు గెడ్డ (వాన నీళ్ళు పారే వాగు) ఉంది, పెద్ద వాన పడితే మా రెండో లైనులో మోకాళ్ళ లోతు నీళ్ళు, వేసవిలో మాకే ట్యాంకర్లు. రేపు మరో రెండు వందల కుటుంబాలొస్తే ఏమిటి పరిస్థితి?

నా ప్రశ్న సూటిగా: కౌన్సిల్ ఒప్పుకుంటే ఇక అంతేనా? మేం ఎక్కడ, ఎప్పుడు మాట్లాడాలి, ఏం అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్లానింగ్ సెక్షన్ రిటైర్డ్:

బాబూ, నేను ఈ పనిలోనే రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆ స్థలం మీ లేఅవుట్‌లో వదిలిన పది శాతం ఓపెన్ స్పేసా, లేక లేఅవుట్‌తో సంబంధం లేకుండా మాస్టర్ ప్లాన్‌లో మాత్రమే పార్కుగా చూపించిన ప్రైవేటు భూమా? చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. మొదటిదైతే అది గిఫ్ట్ డీడ్ మీద కార్పొరేషన్‌కు రాసిచ్చేసిన స్థలం, ఎవరూ అమ్మడానికీ కట్టడానికీ లేదు, అక్కడితో మీ కేసు గెలిచినట్టే. మీరు పట్టా భూమి అంటున్నారు కాబట్టి రెండోదే అయుండొచ్చు, అయినా సర్వే నంబరు పట్టుకుని లేఅవుట్ ప్లాను కాపీ తీయించి చూసుకోండి. ఆర్టీఐ కింద పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, ముందు ఆయన్ని కలిసినా దారి చెబుతారు.

రెండోది, కౌన్సిల్ తీర్మానంతో జోన్ మారిపోదు. కౌన్సిల్ చెప్పేది అభిప్రాయమే. ఫైలు ప్రభుత్వానికి వెళ్ళాలి, వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) రిపోర్టు, టౌన్ ప్లానింగ్ డైరెక్టర్ అభిప్రాయం తీసుకుంటారు, ఆ తర్వాత మున్సిపల్ శాఖ నుంచి ముసాయిదా నోటిఫికేషన్ గెజిట్‌లో వస్తుంది. దాని మీద అభ్యంతరాలకు, సూచనలకు మామూలుగా 15 రోజులు గడువు ఇస్తారు. జనం నష్టపోయేది ఇక్కడే. కౌన్సిల్ హాల్లో గొడవ జరిగినప్పుడు అందరూ ఉంటారు, ఆ 15 రోజుల్లో కాగితం మీద రాసిచ్చేవాడు ఒక్కడూ ఉండడు. తర్వాత ఫైల్లో "అభ్యంతరాలు రాలేదు" అని ఒక్క వాక్యం పడుతుంది, తుది జీవో వచ్చేస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మారేది జోన్. వృద్ధుల ఇళ్ళు అనేది దరఖాస్తులో రాసిన కారణం మాత్రమే. జోన్ ఒకసారి రెసిడెన్షియల్ అయ్యిందంటే రెసిడెన్షియల్‌లో అనుమతి ఉన్నది ఏదైనా కట్టొచ్చు. రెండేళ్ళ తర్వాత "వృద్ధులు కొనట్లేదండీ, మామూలు ఫ్లాట్లుగా అమ్ముతాం" అంటే ఆపడానికి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి అరవై దాటినవాళ్ళ నివాసానికే అన్న షరతు కౌన్సిల్ తీర్మానంలోనూ, తర్వాత జీవోలోనూ, ప్లాను అనుమతి పత్రంలోనూ రాతపూర్వకంగా ఉండాలి. మూడు చోట్లా. బ్రోచర్‌లో ఉంటే లెక్కలోకి రాదు. కట్టేటప్పుడు పది శాతం బిల్టప్ ఏరియా కార్పొరేషన్‌కు తనఖాలో ఉంటుంది, కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే వదులుతారు. షరతు అనుమతి పత్రంలో ఉంటేనే ఆ తనఖా అడ్డం పెట్టి అమలు చేయించగలరు.

గాజువాక పెద్దాయన:

నాకు 74. భార్య పోయి నాలుగేళ్ళు, అబ్బాయి విదేశంలో, అమ్మాయి హైదరాబాదులో. మూడో అంతస్తులో ఒక్కడినే ఉంటాను. ఇక్కడ రాస్తున్నవాళ్ళంతా నీళ్ళు, రోడ్లు, పార్కు అంటున్నారు, అవన్నీ నిజమే, కాదనను. కానీ మా సంగతి మేమే చెప్పకపోతే ఎవరు చెబుతారు?

గ్యాస్ సిలిండర్ అయిపోతే కొత్తది స్టవ్‌కి బిగించడానికి వాచ్‌మన్ కోసం ఎదురు చూస్తాను. బాత్రూం తడిగా ఉంటే గోడ పట్టుకుని నడుస్తాను, పట్టుకోవడానికి రాడ్డు పెట్టించమంటే టైల్స్ పగులుతాయని మేస్త్రీ భయపెట్టాడు. రాత్రి ఛాతీలో మంటగా ఉంటే గ్యాసో, గుండో అర్థం కాక తెల్లారేదాకా కూర్చుంటాను. పిల్లలు దుర్మార్గులు కారు, రోజూ ఫోన్ చేస్తారు. కానీ ఫోన్లో ఎవరూ చెయ్యి పట్టుకుని లేపలేరు కదా.

నేను అడిగేది ఒక్కటే, మాకు కట్టే ఇళ్ళు ఊరి మధ్యలో కట్టండి. ఇలాంటివన్నీ ఎక్కడ కడుతున్నారో చూశారా? భూమి చౌక అని ఆనందపురం దాటి, సబ్బవరం దాటి, చుట్టూ పొలాలు, ప్రశాంతత అని ప్రకటనలు. మాకు ప్రశాంతత అక్కర్లేదు బాబూ, అదే ఎక్కువైంది. మాకు కూరగాయల బండి కావాలి, మందుల షాపు కావాలి, ఆర్టీసీ బస్సు స్టాపు కావాలి, టికెట్‌లో పాతిక శాతం రాయితీ ఇస్తున్నారు, ఆ బస్సు మా వీధికి రాకపోతే రాయితీ దేనికి? స్కూలు పిల్లలు వెళ్తుంటే చూడాలి. మధురవాడలో ఆ స్థలం అలాంటి చోటైతే దయచేసి అడ్డం పడకండి. షరతులు ఎన్నయినా పెట్టండి.

ఎంవీపీ కాలనీ లక్ష్మి:

బాబాయ్ గారూ, మీరు రాసింది చదివి చాలా బాధేసింది. మా అమ్మని వేరే నగరంలో ఇలాంటి చోటే ఉంచాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెబుతాను.

మంచి ఏమిటంటే అమ్మకి తోడు దొరికింది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని నిద్రపోయే మనిషి అక్కడ నలుగురితో విష్ణు సహస్రనామం చదువుతోంది, దెబ్బలాడుతోంది కూడా. చెడు ఏమిటంటే, చేరేటప్పుడు చెప్పిన నెలవారీ ఛార్జీ మూడో ఏడాదికే బాగా పెరిగింది. డాక్టర్ రోజూ వస్తాడన్నది వారానికోసారి అయింది. అడిగితే "మేం కట్టిన కంపెనీ, నడిపేది వేరే కంపెనీ, వాళ్ళనే అడగండి" అన్నారు, వాళ్ళని అడిగితే అటూ ఇటూ తోశారు. అందుకే చెబుతున్నా, కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌ల మీద నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టేవాళ్ళు, సేవలు నడిపేవాళ్ళు, కొనేవాళ్ళు ముగ్గురూ ఒకే ఒప్పందంలో సంతకం పెట్టాలని అందులో ఉంది. మీ కార్పొరేటర్ చేత కౌన్సిల్లో ఆ మాట అడిగించండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పదు, కానీ రెరా చూసేది కట్టడం, అప్పగించడం. తర్వాత అన్నం వేళకి పెడుతున్నారా, నర్సు ఉందా అన్నది ఆ ఒప్పందంలో ఉంటేనే అడగగలం.

ఇంకోటి, వారసుల సంగతి. ఫ్లాటు కొన్న పెద్దాయన పోతే అది కొడుక్కి వస్తుంది, కొడుక్కి నలభై ఏళ్ళు. అతను అక్కడ ఉండొచ్చా? అద్దెకిస్తే ఎవరికివ్వాలి? ఇది ముందే రాసుకోకపోతే పదేళ్ళలో అది మామూలు అపార్ట్‌మెంటే.

విశాఖలో ఉన్నవాళ్ళం హుద్‌హుద్ తుఫాను మర్చిపోకూడదు. 2014 అక్టోబర్ 12 తర్వాత మా ఏరియాలో రోజుల తరబడి కరెంటు లేదు, లిఫ్టు లేదు, మోటారు లేదు. మా పై అంతస్తులో డయాబెటిస్ ఉన్న ఒక మామ్మగారికి కింద నుంచి మేమే బిందెలతో నీళ్ళు మోశాం, ఆవిడ ఇన్సులిన్‌ని తడిబట్ట చుట్టిన కుండలో దాచాం. మెట్ల మీద చీకట్లో ఆవిడని దించడానికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళ కోసమే కడుతున్న చోట ఎక్కువ అంతస్తులు ఎందుకు? కడితే స్ట్రెచర్ పట్టే లిఫ్టు, దానికి జనరేటర్, ఒకటికి పన్నెండు వాలుతో (అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు) ర్యాంపు, చక్రాల కుర్చీ దూరేలా 900 మిల్లీమీటర్ల తలుపులు ప్లానులో కనిపించాలి. ప్లాను కాపీ చూడకుండా ఎవరూ ఒప్పుకోకండి.

గెడ్డ పక్కవాడు:

నేను పూర్తిగా వ్యతిరేకం, ఎందుకో చెబుతాను. పెద్దవాళ్ళ మీద గౌరవం లేక కాదు. బెంగళూరులో కూడా పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, కాలనీవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు అందరిదీ, దాన్ని కొందరి చేతికి ఇవ్వడానికి లేదు అన్నది దాని సారం. ఇక్కడా అంతే. మంచి పని అని చెప్పి అందరి గాలీ వెలుతురూ తీసేసుకుంటామంటే ఎలా?

జోన్లంటే మనకి లెక్కలేదు, దాని ఫలితం ఈ ఊరు చూసింది. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961లో పెట్టినప్పుడు చుట్టూ ఇంత జనం లేరు. తర్వాత ఇళ్ళు దాని గోడ దాకా వచ్చేశాయి, 2020 మే 7 తెల్లవారుజామున గ్యాస్ లీకై ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నదే కదా జోనింగ్. గెడ్డ పల్లంలో, అదీ పరిగెత్తలేని మనుషుల్ని పెట్టడం నాకు మింగుడు పడట్లేదు. నీళ్ళొస్తే వాళ్ళని ఎవరు దించుతారు?

ఇంకా, ఈ ఫ్లాట్లు కొనగలిగేది ఎవరు? లక్షలున్నవాళ్ళు. 2007 వృద్ధుల సంక్షేమ చట్టంలో జిల్లాకు కనీసం ఒక్క ఆశ్రమమైనా, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా పెట్టవచ్చని రాసుంది. వృద్ధుల మీద అంత ప్రేముంటే కౌన్సిల్ దాని గురించి గంటసేపు మాట్లాడాలి.

ప్లానింగ్ సెక్షన్ రిటైర్డ్:

గెడ్డ గారూ, బెంగళూరు కేసు మీరు చెప్పింది నిజమే, కానీ అక్కడ స్థలం అభివృద్ధి సంస్థ స్కీములో పార్కు కోసమే ఉంచినది. ఇక్కడ పట్టా భూమి, ప్రభుత్వం డబ్బిచ్చి తీసుకోకుండా ఏళ్ళ తరబడి ఆకుపచ్చ రంగు వేసి ఉంచితే యజమానికీ ఒక వాదన ఉంటుంది. అందుకే "వద్దు" అని మాత్రమే రాస్తే నిలబడదు. గెడ్డ విషయం మాత్రం గట్టి పాయింటు. గెడ్డకు బఫర్, అంటే పక్కన ఏమీ కట్టకుండా ఖాళీ జాగా, వదలాలి, అది నిబంధన. రెవెన్యూ రికార్డులో గెడ్డ వెడల్పు ఎంతుందో, ఇప్పుడు నేల మీద ఎంత మిగిలిందో సర్వేయర్‌తో కొలిపించమని అడగండి, పాత వరద ఫోటోలుంటే జతచేయండి. మూడెకరాల్లో గెడ్డ వైపు ఒక ఎకరం పార్కుగానే కార్పొరేషన్‌కు రాసివ్వాలి, మెరక వైపు తక్కువ అంతస్తులతో వృద్ధుల ఇళ్ళు కట్టాలి అని అడగొచ్చు. నా అనుభవంలో ఇలా కొలతలతో అడిగిన ఉత్తరాన్ని పక్కన పెట్టడం అధికారులకు కష్టం.

లక్ష్మి గారు చెప్పిన మూడు పక్షాల ఒప్పందం, వారసుల సంగతి నాకు తట్టలేదు. అవి తప్పకుండా చేర్చండి.

గాజువాక పెద్దాయన:

ఎకరం పార్కు మాకూ కావాలి. పిల్లలు క్రికెట్ ఆడుకుంటే మేం బెంచీ మీద కూర్చుని చూస్తాం. గోడ మాత్రం ఎత్తుగా కట్టించకండి. హైవే అవతల ఆసుపత్రులుంటే దాటడం ఎలాగో కూడా అడగండి, మధురవాడ కార్ షెడ్ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడేలోపు నేను సగం రోడ్డు కూడా దాటలేను.

మధురవాడ కాలనీవాసి:

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం కాలనీలో రెండు వర్గాలనీ ఒకేచోట కూర్చోబెడుతున్నాను. వద్దు అనేవాళ్ళకి గెడ్డ, పార్కు, నీళ్ళు ముఖ్యం, కావాలి అనేవాళ్ళకి నాన్నగారిలాంటివాళ్ళు ముఖ్యం, ఎకరం పార్కు అన్న మాట దగ్గర ఇద్దరూ దిగొస్తారని ఆశ. ఒక సందేహం: ఉత్తరం అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒకటి ఇస్తే సరిపోతుందా, ఎవరికి వాళ్ళు ఇవ్వాలా? కౌన్సిల్ సమావేశానికి ముందే ఇవ్వొచ్చా, గెజిట్ దాకా ఆగాలా?

ప్లానింగ్ సెక్షన్ రిటైర్డ్:

రెండూ చేయండి. ఇప్పుడు కమిషనర్‌కు, మీ కార్పొరేటర్‌కు అసోసియేషన్ తరఫున ఒకటి, సమావేశం కంటే ముందే. గెజిట్ వచ్చాక నోటిఫికేషన్‌లో ఎవరి పేరున పంపమని ఉందో ఆ అధికారికి ఇంటికొకటి, విడివిడిగా, సర్వే నంబరు, నోటిఫికేషన్ నంబరు రాసి. అందరూ ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి సంతకాలు పెట్టకండి, ఎవరి ఇంటి ఇబ్బంది వాళ్ళ మాటల్లో రాయండి. స్వయంగా ఇచ్చి కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి, లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి నంబరు తీసుకోండి. గెజిట్ ఎప్పుడొస్తుందో ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, వారానికి రెండుసార్లు వెబ్‌సైట్ చూసే బాధ్యత కాలనీలో ఒక కుర్రాడికి అప్పజెప్పండి.