‘తూటా బరువు 300’ అంటే దేని బరువు?

ప్రశ్న:
.375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ రైఫిలుకి సొంతంగా తూటాలు కట్టుకోవడం మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. రైఫిలు పాతకాలపు వాల్‌నట్ కర్ర, బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే) తరహాది. చదివేది అలాస్కా, మోంటానా వైపు లైసెన్సు మీద మూస్, ఎల్క్ వేటకు వెళ్లే మనవాళ్లు. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను:
“తూటా బరువు 300 గింజలు. పాత తూటాకి కొత్త టోపీ బిగించి, నల్లమందు పోసి, తూటాను మూతిలో కూర్చి నొక్కాలి.”
తూటా మూడుసార్లు వచ్చింది, మూడూ ఒకటి కావు. ఎలా విడదీయాలండీ?

జవాబు 1:
పత్రికలవాళ్లు రెండు రకాలుగానూ వాడతారు. “ఒంట్లో రెండు తూటాలు దిగాయి” అన్నప్పుడు దిగింది సీసం ముక్క. “ఇరవై తూటాలు స్వాధీనం” అన్నప్పుడు అది మొత్తం సరుకు. వార్తకి ఇది చెల్లుతుంది గానీ చేతిపనికి చెల్లదు. మీ వాక్యంలో 300 గ్రెయిన్లు (మీరు ‘గింజలు’ అన్నవి) తూగేది ఎగిరిపోయే ముక్క ఒక్కటే, అంటే సుమారు 19.4 గ్రాములు. మొత్తం తూటా తూకం వేస్తే దాదాపు దానికి రెట్టింపు వస్తుంది.
పాత మాట మన దగ్గరే ఉంది కదా: మందుగుండు. మందు వేరు, గుండు వేరు అని ఆ సమాసమే చెబుతోంది. ఎగిరేదాన్ని గుండు అనండి, అన్నీ కూర్చిన సరుకును తూటా అనండి. ఇప్పటి గుండు గుండ్రంగా ఉండదని కొందరు సణుగుతారు. ‘తుపాకి గుండు’ అన్న మాట ఆ ఆకారం పోయాక కూడా నిలిచింది, వాళ్ల కోసం వదులుకోనక్కర్లేదు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను. ‘పాత తూటా’ సంగతి మిగిలింది. చాలామంది దాన్ని తొడుగు అంటారు. అలా రాస్తే ఇంకో చిక్కు వస్తుంది: గుండు మీద ఉండే రాగి పూత కూడా తొడుగే. “తొడుగు పలచబడితే పారేయండి” అంటే దేన్ని పారేయాలి? అందుకని ఇత్తడిదాన్ని గొట్టం అని, గుండు మీదున్నదాన్ని రాగి తొడుగు అని రాయడం మేలు. గొట్టానికి అడుగు, భుజం (మెడవైపు సన్నబడే చోటు), మెడ, మూతి అన్నీ మన ఒంటి మాటలే సరిపోతాయి, కొత్తవి కనిపెట్టే శ్రమ లేదు. .375కి అడుగు దగ్గర ఉబ్బెత్తు వలయం ఉంటుంది, దాన్ని పట్టీ అనవచ్చు. మందుకి నిప్పు అంటించే టోపీని మాత్రం ప్రైమర్ అనే ఉంచండి. టోపీ పాత తుపాకుల్లో బయట నిపుల్ అనే చిన్న మొన మీద పెట్టేది, ఇది గొట్టం అడుగున గుంటలో కూర్చునేది.

జవాబు 3:
‘నల్లమందు’ తక్షణం తీసేయండి! తెలుగులో నల్లమందు అంటే గసగసాల కాయ నుంచి వచ్చేది. పైగా విషయం కూడా తప్పు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాత తుపాకి మందు వేరు, .375లో వేసే పొగలేని మందు వేరు. పాతదాన్ని కొలపాత్రతో కొలిచి పోస్తారు. పొగలేనిదాన్ని ఆ పాత్రతో కొలిచి పాత తుపాకిలో పోస్తే తుపాకీయే పగులుతుంది. కాబట్టి ప్రతిచోటా ‘పొగలేని మందు’ అని పూర్తిగా రాయండి, ఒట్టి ‘మందు’ అని వదలొద్దు.
ఇలాంటి చిక్కే .45-70 లాంటి పేర్లలో కూడా ఉంది. 1873 నాటి ఆ తూటా పేరులోని 70 అప్పటి నల్లటి తుపాకి మందు గ్రెయిన్లు. ఇవాళ్టి పొగలేని మందుకి అది కొలత కాదని కింద ఒక మాట రాయాలి. మోతాదు ఎప్పుడైనా ఆ మందు తయారీదారు అచ్చువేసిన పట్టికలోంచే తీసుకోవాలి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.

జవాబు 4:
‘పోయడం’ అన్న క్రియ గురించి ఒక పక్కమాట. .375 వచ్చింది 1912లో. అప్పటి మందు కార్డైట్, సేమ్యా పుల్లల్లా ఉండేది. దాన్ని పోయరు, కట్టగా పెడతారు. మెడ సన్నగా ఉన్న గొట్టాల్లో అయితే ముందు కట్ట పెట్టి, తర్వాత మెడ నొక్కేవాళ్లు. వేడికి ఒత్తిడి పెరుగుతుందని ఉష్ణదేశాలకు పంపే కొన్ని తూటాల్లో ఆ మోతాదు తగ్గించేవాళ్లు. మీ వ్యాసం ఇప్పటి పలుకు మందు గురించి కాబట్టి ‘పోసి’ సరైనదే.

ప్రశ్నించినవారు:
చాలా ఉపయోగపడింది. ‘గింజ’ ఉంచనా, గ్రెయిన్ అననా?

జవాబు 1:
గ్రెయిన్. పౌనుకి 7,000 గ్రెయిన్లు, గ్రాముకి 15.43. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అదే తులానికి కంసాలి లెక్కలో 96 గురివింద గింజల ఎత్తు. అంటే ఒక్కో గురివింద 1.875 గ్రెయిన్లు. ‘గింజ’ అని రాస్తే పాత తూకం తెలిసినవాడి లెక్క దాదాపు రెట్టింపవుతుంది. ‘గ్రా.’ అన్న పొట్టిపేరు అసలే వద్దు, చదివేవాడు గ్రాము అనుకుంటాడు. నగల తూకం యంత్రాల్లో గ్రాము, క్యారెట్, గ్రెయిన్ మూడూ ఒకే బటన్ మీద మారతాయి. తూచే ముందు బరువు తెలిసిన తూకంరాయి పెట్టి చూడమని వాక్యం చేర్చండి.

ప్రశ్నించినవారు:
తర్వాతి వాక్యం: “పట్టీకి పైన మెరిసే గీత కనబడితే గొట్టం పనికిరాదు.” ఇది అర్థమయ్యేలా ఉందా?

జవాబు 2:
వాక్యం సరే, కారణం లేకపోతే ఎవరూ పాటించరు. పట్టీ ఉన్న గొట్టం రైఫిల్లో పట్టీ మీద ఆనుకుని నిలుస్తుంది. అందుకని ఛాంబరు (రైఫిల్లో తూటా కూర్చునే గది) భుజం దగ్గర కాస్త వదులుగా కోస్తారు. మొదటిసారి పేల్చగానే గొట్టం ముందుకు సాగి ఆ వదులు నింపుతుంది. సైజింగ్ డైని (పేలిన గొట్టాన్ని మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) అడుగు దాకా తిప్పి బిగిస్తే భుజం మళ్లీ వెనక్కి పోతుంది. మళ్లీ పేల్చితే మళ్లీ సాగుతుంది. సాగే ఇత్తడి వచ్చేది పట్టీకి కొంచెం పైన గోడలోంచే. నాలుగైదు విడతలకి అక్కడ గోడ పలచబడి చుట్టూ గీత తేలుతుంది, ఆ తర్వాత అక్కడే తెగుతుంది. ముందు సగం ఛాంబర్లో ఇరుక్కుంటే, ఎదురుగా జంతువు ఉండగా రైఫిలు కర్రతో సమానం.
బయటి గీత కోసం ఆగనక్కర్లేదు. పేపర్ క్లిప్పు తీగ కొసను కొక్కెంలా వంచి, గొట్టం లోపల అడుగు నుంచి పైకి గీకితే పల్లం వేలికి తెలుస్తుంది. భుజం అంగుళంలో వెయ్యో వంతులు ఒకటి రెండుకు మించి వెనక్కి పోకుండా డైని నిలిపితే గొట్టం ఎక్కువకాలం వస్తుంది. అయితే వేటకి తీసుకెళ్లే ప్రతి తూటానీ ముందు బోల్టు ఆడించి చూడాలి. తడబడకుండా దూరాలి.

జవాబు 3:
“మూతిలో కూర్చి నొక్కాలి”లో రెండు పనులు కలిసిపోయాయి. గుండు కూర్చడం ఒకటి, గుండు మీది గాడిలోకి మూతి అంచును నొక్కడం ఇంకొకటి. రెండోది ఎందుకంటే, మాగజైన్లో (తూటాలుండే పెట్టె) ఉన్న తూటాలు రైఫిలు వెనక్కి తన్నే తన్నుకి ముందు గోడను కొట్టుకుని గుండ్లు లోపలికి దిగిపోతాయి. రెండు బారెళ్లుండే డబుల్ రైఫిల్లో ఇది తిరగబడి, రెండో బారెల్లో ఇంకా పేలని తూటా మూతిలోంచి గుండు బయటికి జారుతుంది. గొట్టాలన్నీ ఒకే పొడవు లేకపోతే నొక్కు కుదరదు. .375కి గరిష్ఠం 2.850 అంగుళాలు, 2.840కి కత్తిరించడం వాడుక. పొడవైన గొట్టంలో మూతి గాడిని దాటి నొక్కుకుని భుజం ఉబ్బుతుంది, తూటా ఛాంబర్లో దూరదు.

జవాబు 4:
ఒక్క సూచన. ఇది హైదరాబాదులోనూ విజయవాడలోనూ చదువుతారు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, 1972 వన్యప్రాణి చట్టంతో వేట నిషిద్ధం. మొదటి పేజీలోనే అమెరికా పాఠకులకని రాసేయండి.

ప్రశ్నించినవారు:
సరిచేశాను: “గుండు బరువు 300 గ్రెయిన్లు. వాడిన ఇత్తడి గొట్టానికి కొత్త ప్రైమర్ బిగించి, పట్టిక ప్రకారం తూచిన పొగలేని మందు పోసి, గుండు కూర్చి, ఆ తర్వాత మూతి అంచును గాడిలోకి నొక్కాలి.” గాడి అంటే గొట్టం అడుగున ఎక్స్‌ట్రాక్టర్ (గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) పట్టుకునేది కూడా గాడే కదా?

జవాబు 2:
అవును. “గుండు గాడి”, “అడుగు గాడి” అని రాస్తే సరి.