గాలి ఎక్కువగా తగిలే మెరక నేలలో అంటు మొక్కలు: ఊతకర్ర కట్టాలా, వద్దా?

మెరకచేను:
మాది చుట్టూ ఏ అడ్డూ లేని మెరక నేల. ఏడాదిలో ఎక్కువ నెలలు పడమటి నుంచి గాలి బలంగా వీస్తుంది. అక్కడ మామిడి, జామ, నిమ్మ నాటదలిచాను. నర్సరీలో నిలువెత్తు మొక్కలూ ఉన్నాయి, మోకాలెత్తు మొక్కలూ ఉన్నాయి. ఏవి తీసుకోవాలో, వాటికి ఊతకర్ర అవసరమో కాదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాదుపని:
చిన్నవే తీసుకోండి. సంచిలో పెరిగిన పెద్ద మొక్కకు ఆకు ఎక్కువ, వేరు తక్కువ కాబట్టి గాలి ఆకుల నుంచి లాగేసే నీటిని ఆ వేరు అందించలేదు. అదీకాక, తల బరువుకు మొక్క ఊగినప్పుడల్లా మొదలు దగ్గర మట్టి వదులై సందు ఏర్పడుతుంది, అప్పుడే పుట్టిన పిల్లవేళ్లు తెగిపోతాయి. ఊతకర్ర మాత్రం వద్దు. ఊగే కాండమే లావెక్కుతుంది. కదలికకు మొక్క ఇలా స్పందించడానికి 1973లో జాఫ్ అనే శాస్త్రవేత్త థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు కూడా పెట్టారు. కర్రకు బిగించి పెంచిన మొక్క, కర్ర తీసిన రోజున వంగిపోతుంది.

నిలువుకర్ర:
పాదుపని గారు చెప్పినది గింజ నుంచి అక్కడే మొలిచిన మొక్కకు సరిపోవచ్చు. ఇక్కడ అడిగినది అంటు మొక్కల గురించి. అంటు పూర్తిగా అతుక్కోకముందే ఈదురుగాలి వస్తే కాండం లావెక్కేదాకా ఆగదు, అతుకు దగ్గరే విరుగుతుంది. కర్ర అవసరం లేదని ఒక పెద్దమనిషి చెప్పిన మాట విని నాటిన నా మామిడి వరుస మొత్తం ఒక్క గాలికి అతుకుల దగ్గర తెగిపోయింది. చెట్టును పొట్టిగా ఉంచే ఎం9 రకం వంటి వేరుమూలం (అంటుకు అడుగున ఉండే వేరు మొక్క) మీద కట్టిన ఆపిల్ చెట్లకు జీవితాంతం ఊతం ఇస్తారన్న సంగతి మీకు తెలియనిది కాదు.

పాదుపని:
ఆపిల్ ఇక్కడ ఎవరూ నాటడం లేదు. ఊతం ఇచ్చినవారి పని ఎలా ఉంటుందో నేను కొన్న తోటలో కళ్లారా చూశాను. పాత యజమాని ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టి మరిచిపోయాడు. తాడు బెరడులోకి దిగి, చెట్టు మెడకు ఉరిలా పడి, పైభాగం క్రమంగా ఎండిపోయింది. మీ మొక్కలు ఒక్క గాలికే పోయాయి, నావి ఏళ్ల తరబడి చస్తూ బతికాయి.

గట్టుగడ్డి:
కర్రను గాలి వచ్చే వైపే పాతండి. అవతలి వైపు పాతితే కాండం దానికి కొట్టుకుని బెరడు లేచిపోతుంది.

నిలువుకర్ర:
తాడు విప్పనివాడి నిర్లక్ష్యాన్ని కర్ర మీద మోపడం న్యాయం కాదు. కాండం ఎత్తులో మూడో వంతు వరకే కర్ర ఉంచి, మెత్తటి పట్టీని ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కడితే మొదలు కదలదు, పైభాగం ఊగుతూనే ఉంటుంది. మీరు చెప్పే లావు కూడా వస్తుంది. ఇది మీకు ఎన్నిసార్లు చెప్పినా తాడు కథ దగ్గరే ఆగిపోతున్నారు.

తేనెపట్టు:
గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే తేనెటీగలు పూల మీదికి రావడం బాగా తగ్గిపోతుంది. మొక్క నిలబడినా కాయ పట్టాలి కదా. గాలినే తగ్గించే ఆలోచన ఎవరూ చేయరా?

పాదుపని:
నేను మొదటే చెప్పవలసిన మాట ఇది. పడమటి గట్టున గాలికి అడ్డంగా సరుగుడు వంటి చెట్ల వరుస ముందు పెంచాలి, అది తలెత్తాకే పండ్ల మొక్కలు నాటాలి. గోడ కట్టవద్దు, ఎందుకంటే గోడను దాటిన గాలి వెనక సుడి తిరిగి మొక్కలనే కొడుతుంది. దాదాపు సగం గాలిని పోనిచ్చే వరుస అయితే తన ఎత్తుకు పదింతల దూరం వరకు చెప్పుకోదగ్గ రక్షణ ఇస్తుంది. వరుసలో ఖాళీ వదిలితే మాత్రం ఆ సందులో గాలి మరింత వేగంగా దూరుతుంది. రెండు మూడేళ్లు ఆగగలిగితే కర్ర గొడవే ఉండదు.

నిలువుకర్ర:
ఆగమని చెప్పడం సొంత నేల ఉన్నవారికి ఎంత తేలికో చూడండి! నాది కౌలు భూమి. గట్టున చెట్లు పెంచితే అవి ఎవరివన్న తగాదా వస్తుంది, అవి పెరిగేసరికి నా గడువు తీరుతుంది. నాకు చేతనైనది కర్ర ఒక్కటే. దాన్ని మీరు తప్పు పద్ధతి అన్నప్పుడల్లా, నేను సేద్యానికే తగనివాడినన్నట్టు వినిపిస్తోంది.

పాదుపని:
నేను ఆ మాట అనలేదు. అయితే మీరు కౌలు సంగతి ఇంతవరకు చెప్పకుండా కర్రే శాస్త్రమన్నట్టు వాదించారు. గడువు తక్కువగా ఉన్నవారికి గుంజలు పాతి సగం గాలిని పోనిచ్చే వల కట్టుకోవడం మేలు. వెళ్లేటప్పుడు దాన్ని విప్పుకుని తీసుకుపోవచ్చు.

నిలువుకర్ర:
ఆ వలకూ గుంజలకూ అయ్యే ఖర్చు మొక్కల ఖర్చును మించుతుంది. అదీ చెప్పండి.

మెరకచేను:
నేల నాదే, కానీ రెండేళ్లు ఖాళీగా ఉంచలేను. గట్టున సరుగుడు, లోపల చిన్న అంటు మొక్కలు ఈ సీజన్‌లోనే కలిపి నాటి, సరుగుడు ఎదిగేదాకా పడమటి అంచున ఉన్న మొదటి వరుసకు మాత్రం వల కడతాను. సరుగుడు వేళ్లు పండ్ల మొక్కల నీరు లాగవా?

గట్టుగడ్డి:
లాగుతాయి. మధ్యలో కందకం తవ్వి, ఏడాదికోసారి అటువైపు వచ్చిన వేళ్లు నరకండి.

పాదుపని:
అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా నాటండి. పాదులో ఎండుటాకు మందంగా పరచి, అది ఎగిరిపోకుండా పైన కాస్త మట్టి వేయండి, కాండానికి మాత్రం తగలనివ్వవద్దు. కర్ర కడితే ఏడాది తిరిగేసరికి విప్పేయండి.

నిలువుకర్ర:
ఏడాది లెక్క చూసి విప్పవద్దు. కట్టు వదిలించి, మొదలు పట్టుకుని ఊపి, మట్టి కదలకపోతేనే తీయండి. కదిలితే మళ్లీ వదులుగా కట్టండి.

పాదుపని:
ఊపి చూడమన్న మాట బాగుంది. అయితే ఆ పని నెలనెలా చేయాలి. కట్టినవారు దాన్నే మరిచిపోతారన్నది మొదటి నుంచీ నా అభ్యంతరం.