నిద్రమాత్రని నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తగ్గించడం: పద్ధతా, చాదస్తమా?

కాళ్ళ కుర్రోడు:

మాది భీమవరం దగ్గర కాళ్ళ మండలం. నాన్నగారికి 63 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తారు. ఆరేళ్ల కిందట వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. చెరువు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపే రొయ్య పైకి తేలుతుంది. ఆ టెన్షన్‌లో మనిషికి నిద్ర లేకుండా పోయింది. అప్పుడొక డాక్టర్ గారు అల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములది రాత్రికి ఒకటి, రెండు వారాలకని రాశారు. ఆ రెండు వారాలు ఆరేళ్లయ్యాయి.

మొన్న వేసవిలో రాత్రి బాత్రూముకి లేచి తూలి పడ్డారు, మణికట్టు చిట్లింది. సైకియాట్రిస్ట్ దగ్గరకి తీసుకెళ్తే 0.25కి దించారు. మూడు వారాలు నరకం చూసి కుదుటపడ్డారు. తర్వాత అందులో సగం ముక్క వేయమన్నారు. రెండుసార్లు మొదలెట్టాం, రెండుసార్లూ మూడో రాత్రికే మళ్లీ మొత్తం మాత్రకి వచ్చేశాం.

ఇది విని అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి ఒక పద్ధతి పంపాడు. 0.25 మాత్రని పొడి చేసి 10 ఎంఎల్ నీళ్లలో కలపాలి. ఇన్సులిన్ సిరంజితో 100 యూనిట్లు లాగి పారబోయాలి. మిగిలింది తాగాలి. అంటే పదో వంతు తగ్గినట్టు. అక్కడ చాలామంది ఇలాగే నెలల తరబడి తగ్గించుకుంటారట. అమ్మకి షుగరు కాబట్టి సిరంజిలు ఇంట్లోనే ఉన్నాయి. అమ్మ మా చిన్నప్పటి ఉగ్గుగిన్నె తీసి ఇచ్చింది, అందులో కలుపుతున్నాం. మా సిరంజి 40 వరకే ఉంది కాబట్టి రెండుసార్లు నిండా, ఒకసారి సగం లాగుతున్నాను.

ఇవాళ నాలుగో రోజు. చేతులు వణుకుతున్నాయి. పావుకిలోమీటరు దూరంలో ఉన్న ఏరియేటర్ల (చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాల) చప్పుడు చెవిలో తిరుగుతున్నట్టుందని తలుపులన్నీ వేయించారు. ఆ చప్పుడు ఆగిపోతేనే ఉలిక్కిపడి లేచే మనిషి ఆయన! పది శాతానికే ఇలా అయితే ఈ పద్ధతిలో పస ఉందా? మా బావ మాత్రం మొదటి రోజు నుంచీ ఇది చాదస్తం అంటున్నాడు.

ఆచంట ఆసామి:

మీ బావ బంగారం అండీ. మాత్రని నూరి, ఉగ్గుగిన్నెలో పోసి, పదో వంతు పారబోసి... బారసాల ఎప్పుడు పెట్టుకున్నారు? మా మేనత్త పదేళ్లు వేసుకుంది. ఓ పుష్కరాల్లో స్నానం చేసి మాత్రలు గోదాట్లో పారేసింది. వారం రోజులు మనుషుల మీద విసుక్కుంది, అంతే. పళ్లబిగువున ఓర్చుకోవాలి.

కౌంటర్ వెనకాల మనిషి:

ఆసామి గారూ, మీ మేనత్తగారి అదృష్టం బాగుంది. నేను పాలకొల్లులో ముప్ఫై ఏళ్లు మందుల షాపులో ఉండి రిటైరయ్యాను. ఈ జాతి మందులు చాలాకాలం వేసుకుని ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చలించొచ్చు. అందరికీ రాదు, ఎవరికొస్తుందో ముందు తెలియదు. అల్ప్రజోలం మరీ గబుక్కున దిగే మందు, ఒంట్లో చేరింది సగమవడానికి సగటున పదకొండు గంటలు. పెద్దవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. పళ్లబిగువు మాట ఇక్కడ ఎవరూ పట్టుకోకండి.

ఇక కుర్రోడికి. బాబూ, నీళ్ల పద్ధతి నాకూ నచ్చదు, కానీ నా కారణం వేరు. ఈ మందు నీళ్లలో కరగదు. వరదల్లో గోదారి నీళ్లు బిందెలో పట్టుకుంటే ఏమవుతుంది? పైన తేట, అడుగున ఒండ్రు. ఇదీ అంతే. పొడి కళ్లకి కనపడనంత సన్నగా ఉండొచ్చు గానీ అడుగుకి దిగుతుంది, గిన్నె అంచుకి అంటుకుంటుంది. కొంతమంది వారానికి సరిపడా ఒకేసారి సీసాలో కలిపి పెట్టుకుంటారు. ఆదివారం పైనున్న తేట తాగుతారు, శనివారం అడుగున ఒండ్రు తాగుతారు. తగ్గించామనుకుంటారు గానీ మందు ఇష్టమొచ్చినట్టు ఎక్కీ దిగీ ఉంటుంది. ఎస్‌ఆర్ అని రాసున్న మాత్రలైతే నూరనే కూడదు, రాత్రంతా నిదానంగా వదలాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

డాక్టర్ గారిని డయాజిపామ్ అనే ఇదే జాతి మందు గురించి అడగండి. అది నిదానంగా దిగుతుంది, 2 మిల్లీగ్రాముల చిన్న మాత్ర ఉంది. ఇంగ్లండ్‌లో, న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 వరకు ఇవి మానిపించడానికే క్లినిక్ నడిపారు. ఆవిడ దారి అదే, ముందు డయాజిపామ్‌కి మార్చి, తర్వాత తగ్గించుకుంటూ రావడం. అయితే ఆవిడ లెక్కలో 0.5 అల్ప్రజోలం 10 డయాజిపామ్‌కి సమానం, వేరే పట్టికల్లో అంతకంటే తక్కువ రాస్తారు. పైగా పెద్దవయసులో డయాజిపామ్ ఒంట్లో పేరుకుని తూలు వస్తుంది. మీ నాన్నగారు ఒకసారి పడ్డారు కూడా. అందుకే ఈ మార్పిడి ఇంట్లో చేసుకునేది కాదు.

యానాం అక్క:

అన్నయ్య గారూ, కరగదన్న మాట నిజమే. కానీ ఒక తేడా చెప్పనివ్వండి. నాది క్లోనజిపామ్, అదీ ఈ జాతి మందే, 1 మిల్లీగ్రాము, నాలుగేళ్లు. పూర్తిగా మానడానికి పద్నాలుగు నెలలు పట్టింది. 1 నుంచి 0.5 వరకు ముక్కలతోనే వచ్చేశాను, పెద్ద కష్టం లేదు. చివరి 0.25 దగ్గర ఐదు నెలలు. రేవులో పై మెట్లు గబగబా దిగుతాం కదా, నీళ్ల కిందున్న మెట్టు దగ్గరే కాలు వెతుక్కుంటాం. మా డాక్టర్ గారు కాగితం మీద గీత గీసి చూపించారు: మోతాదు తగ్గుతున్నకొద్దీ మెదడు మీద పనితనం అదే వంతున తగ్గదు, కింద చిన్న మోతాదుల దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది. పైన 0.25 తగ్గించడం, కింద 0.25 తగ్గించడం ఒకటి కావు. సగం ముక్క అంటే సగానికి సగం కోత. మీ నాన్నగారు రెండుసార్లు వెనక్కి వచ్చారంటే అది ఆయన బలహీనత కాదు.

నా మందు ఆసుపత్రి ఫార్మసీలో చిక్కటి ద్రవంలో కలిపి ఇచ్చేవారు, పొడి అడుక్కి దిగకుండా పట్టి ఉంచేది. అది దొరకనప్పుడు డాక్టర్ గారు చెప్పి చేయించిన పద్ధతి కుర్రోడిదే: ఏ రోజు మాత్ర ఆ రోజే కలపడం, బాగా తిప్పి వెంటనే తీసేయాల్సింది తీసేయడం, మిగతాది తాగి గిన్నె కడిగిన నీళ్లు కూడా తాగడం. ఇందులో కలయిక కాస్త అటూ ఇటూ అయినా పొరపాటు ఆ తీసేసే కొంచెంలోనే ఉంటుంది. వారం సీసాతో దీన్ని కలపకండి. నేను రెండుసార్లు ఒక్కో మోతాదు దగ్గర నెలేసి రోజులు ఆగిపోయాను కూడా. ఆగడం తప్పు కాదు, వెనక్కి ముందుకి ఊగితేనే కష్టం.

కుర్రోడి బావ:

నన్ను ఇంతమందిలో పెట్టాడు కాబట్టి వచ్చాను. నేను ఆపేయమనలేదండీ. నా బాధ వేరు. మావయ్య గారిని రాత్రి ఎనిమిదింటికి కూర్చోబెట్టి, ఆయన ముందు సిరంజి, గిన్నె, నోట్‌బుక్ పెట్టి, బంగారం తూచినట్టు తూస్తున్నారు. ఆయన ఆ సిరంజి వంకే చూస్తుంటారు. ఇవాళ ఎంత తీశావు, రేపెంత, వణుకు ఎక్కువుందా తక్కువుందా. ఇన్ని ప్రశ్నలడిగితే నాకూ నిద్ర పట్టదు. సగం జబ్బు ఆ ముస్తాబులోనే ఉంది. ముక్క విరిచి ఇచ్చి, పద మావయ్యా అని చెరువు గట్టు మీద నడిపించుకొస్తే పోయేదానికి!

కాకినాడ హౌస్‌సర్జన్:

బావగారి మాట కొట్టిపారేసేది కాదు. కెనడాలో 65 దాటిన 303 మంది మీద 2014లో వచ్చిన పరిశోధన ఉంది. ఇంటికి ఒక పుస్తకం పంపారు, అంతే. అందులో ఈ మాత్రల వల్ల ఏమవుతుందో రాసి, పూర్తి మాత్ర, సగం, పావు అని బొమ్మలతో 21 వారాల పట్టిక ఇచ్చారు. ఆరు నెలలకి 27 శాతం మంది మానేశారు, పుస్తకం అందనివాళ్లలో 5 శాతం. సిరంజీ లేదు, ద్రవమూ లేదు. అందుకే నీళ్ల పద్ధతి అందరికీ అక్కర్లేదంటాను.

యానాం అక్క:

నూటికి మిగిలిన 73 మంది సంగతి కూడా చెప్పండి డాక్టర్ బాబూ. పావు ముక్కతో పనయ్యేవాళ్లు ఇక్కడికొచ్చి అడగరు.

కాకినాడ హౌస్‌సర్జన్:

ఒప్పుకుంటాను అక్కా. 2025లో అమెరికాలో వచ్చిన గైడ్‌లైన్ కూడా మొదట 5 నుంచి 10 శాతం మాత్రమే తగ్గించి, రెండు నుంచి నాలుగు వారాలు చూడమంటుంది, ఎంత తొందరైనా రెండు వారాల్లో 25 శాతం దాటొద్దంటుంది. ఇక్కడ దొరికే మాత్రల్లో 0.25ని ముక్కలు చేసి పది శాతం తీయడం కుదరదు. అక్కడ ద్రవం అవసరమే. నా అభ్యంతరమల్లా డాక్టర్‌కి చెప్పకుండా చేయడం మీదే. పైగా పది శాతమే తగ్గించి నాలుగు రోజులకే వణుకంటే వేరే కారణం కూడా చూడాలి. బీపీ, షుగరు చూశారా? రాత్రిపూట మందు అలవాటేమన్నా ఉందా? ఈ మాత్రలకి మద్యం తోడైతే ఊపిరికే ప్రమాదం.

బోధన్ వాసి:

మధ్యలో వస్తున్నా. ఒక్కసారి ఆపితే ఏం కాదన్న ఆసామి గారు మా దిక్కు అడగండి. కల్లులో ఇదే అల్ప్రజోలం కలిపి అమ్మేవాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు బంద్ అయితే ఎంతమంది హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోయారో పేపర్లన్నిట్లో వచ్చింది. వాళ్లకి వాళ్లు ఏ మందు తాగుతున్నారో కూడా తెలియదు పాపం.

ఆచంట ఆసామి:

సరేనండీ, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మా మేనత్త కల్లు తాగదు అని మాత్రం రికార్డులో రాసుకోండి.

కౌంటర్ వెనకాల మనిషి:

హౌస్‌సర్జన్ గారు వేరే కారణం అన్నాక కుర్రోడి మొదటి పోస్టు మళ్లీ చదివాను. బాబూ, నీ సిరంజి 40 వరకే ఉందన్నావు. మూత ఏ రంగు?

కాళ్ళ కుర్రోడు:

ఎర్రది. ఎందుకండీ?

కౌంటర్ వెనకాల మనిషి:

అదీ సంగతి! ఎర్ర మూతది యు-40 సిరంజి. అందులో 40 గీతలంటే ఒక ఎంఎల్. మీ అన్నయ్య ఉన్నచోట వాడేది యు-100, మన దగ్గర దానికి నారింజ రంగు మూత ఉంటుంది, అందులో 100 గీతలంటే ఒక ఎంఎల్. అతను చెప్పిన 100 యూనిట్లు ఒక ఎంఎల్. నువ్వు రెండుసార్లు నిండా, ఒకసారి సగం లాగావు. అంటే రెండున్నర ఎంఎల్ పారబోశావు. పదిలో రెండున్నర. పది శాతం అనుకుని నాలుగు రోజులుగా పాతిక శాతం కోస్తున్నావు.

యూనిట్లు ఇన్సులిన్ కొలత. వేరే మందుకి ఆ లెక్క పెట్టకూడదు. చిన్నపిల్లల సిరప్‌తో వచ్చే సూదిలేని సిరంజి ఉంటుంది, ఎంఎల్ గీతలతో. అది వాడాలి. అమ్మగారి సిరంజిలు అమ్మగారివే.

కాకినాడ హౌస్‌సర్జన్:

హద్దు మీద నిలబెట్టారన్నమాట. అదీ మొన్ననే సగానికి దిగిన మనిషిని. ఇప్పుడే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే 14416కి, టెలిమానస్, ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు. మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా ఫోన్లు వద్దు, నేరుగా ఆసుపత్రికి.

కుర్రోడి బావ:

చూశారా! ఇంట్లో వంటింటి లెక్కలు పెడితే ఇంతే.

యానాం అక్క:

తప్పు సిరంజిది బావగారూ, పద్ధతిది కాదు. తూకం రాయి తప్పయితే బియ్యాన్ని తిడతామా?

కాళ్ళ కుర్రోడు:

అందరికీ చెప్పి వెళ్దామని వచ్చాను. మర్నాడే డాక్టర్ గారి దగ్గరకి వెళ్లాం. ముందు నాకు పడాల్సిన తిట్లు పడ్డాయి. మళ్లీ 0.25 పూర్తి మాత్రకి తెచ్చారు, నాలుగైదు రోజుల్లో వణుకు తగ్గింది. మూడు వారాలు అక్కడే ఉంచి, ఆ తర్వాత ఏ రోజుది ఆ రోజే కలిపి ఒక ఎంఎల్ మాత్రమే తీయమన్నారు, మూడేసి వారాలకి ఒకసారి చూస్తానన్నారు. వయసు వల్ల, పడటం వల్ల డయాజిపామ్ వద్దన్నారు. సీసాలో నిల్వ కలపొద్దని మరీ మరీ చెప్పారు, కౌంటర్ వెనకాల ఆయన చెప్పిందే.

బావ అన్నదీ డాక్టర్ గారి ముందు పెట్టాను. ఆయన నవ్వి, సిరంజి నువ్వెందుకు పట్టుకున్నావు, ఆయన చేతికే ఇవ్వు అన్నారు. ఇప్పుడు నాన్నగారే కలుపుకుంటున్నారు. మొదటి రోజు కళ్లజోడు పెట్టుకుని గీత దగ్గర ఆపి, "చెరువులో మేత ఇంతేగా, చెక్‌ట్రేలో మిగిలితే తగ్గిస్తాం, మిగల్లేదంటే పెంచుతాం" అన్నారు. చెక్‌ట్రే అంటే రొయ్య మేత తింటుందో లేదో చూసే పళ్లెం. నోట్‌బుక్ తీసేశాం. తలుపులు ఇంకా వేసే ఉంచుతున్నాం, కిటికీ ఒకటి తెరిచారు.

కుర్రోడి బావ:

సిరంజి ఆయన చేతికి ఇచ్చారు కాబట్టి ఊరుకుంటున్నాను. చాదస్తం చాదస్తమే. సాయంత్రం గట్టు మీద నడకకి మాత్రం నేనే తీసుకెళ్తున్నాను, అది కూడా రాయరా.