పాత జామ్ సీసాల్లో ఆవకాయ: మూతకి తుప్పు, పైన బూజు

గోంగూరకట్ట:
జాడీలో ఊరిన ఆవకాయని రోజూ వాడుకోడానికి అరకిలో గాజు సీసాల్లోకి తీస్తున్నాం. జామ్, తేనె అయిపోయాక మిగిలిన సీసాలే. రెండు నెలలు తిరక్కముందే రేకు మూతలకి లోపల తుప్పు వచ్చింది, ఒక సీసాలో పైన తెల్లటి బూజు కట్టింది. జాడీలో ఉన్నది మాత్రం శుభ్రంగా ఉంది. సీసాలు వేడినీళ్ళతో కడిగి, తుడిచే పెట్టాం. లోపం మూతదా, కడగడంలోనా? మూతలకి పట్టిన పాత వాసన ఎలా పోతుంది?

పప్పునూనె:
గాజు తప్పేం లేదండీ. ఉప్పూ పులుపూ దాన్నేం చెయ్యవు. తుప్పుకి కారణం వేరు, బూజుకి కారణం వేరు.

రేకు మూతకి లోపలివైపు సన్నటి పూత ఉంటుంది. బిగుసుకున్న మూతని చెంచా కాడతో ఎత్తినప్పుడు అంచు దగ్గర అది గీసుకుపోతుంది. ఆ గీతలోకి ఉప్పూట దిగిందంటే రేకుని తినేస్తుంది. తుప్పు గోకి మళ్ళీ వాడకండి, పారెయ్యండి. అదే కొలతకి ప్లాస్టిక్ మూత దొరికితే మేలు. జాడీకి ఈ బాధ లేదు, మూతా పింగాణీయే, పైన వాసెన గుడ్డే కదా.

ఇక బూజు. "తుడిచి పెట్టాం" అన్నారు చూడండి, అక్కడే వచ్చింది. తుడిచే గుడ్డలో చెమ్మ ఉంటుంది. సీసా భుజం మలుపులోనూ, మూత మరల్లోనూ నీరు నిలుస్తుంది. కడిగాక బోర్లించి నీళ్ళు ఓడనిచ్చి, మూతలు విడిగా పెట్టి, ఒక రోజంతా మంచి ఎండలో ఉంచండి. సీసా వేడి తగ్గాకే ఆవకాయ ఎత్తాలి.

ఇంకో సంగతి. జాడీలోంచి తీసేటప్పుడు ముక్కా పిండీ వస్తాయి, నూనె అడుగునో అంచుల్లోనో ఉండిపోతుంది. సీసాని వెలుతురుకి పెట్టి చూడండి: గాజుని ఆనుకుని నూనె తడి లేకుండా పాలిపోయినట్టు కనిపించే చోట్లన్నీ గాలి చిక్కుకున్నవే. పొడి గరిటె కాడని గోడ వెంట దింపి కదిపితే బుడగలు పైకొస్తాయి, నూనె కిందికి దిగుతుంది. మర్నాటికి ఇంకాస్త దిగుతుంది. అప్పుడు కాచి పూర్తిగా చల్లార్చిన పప్పునూనె పోసి, ముక్క మీద వేలి మందాన తేలేలా చూడండి. బయటికి పొడుచుకొచ్చిన ముక్కకే ముందు బూజు పడుతుంది. మూతికి అంగుళం ఖాళీ వదలండి, లేకపోతే నూనె మరల్లోకి ఎక్కుతుంది.

బూజు పట్టిన సీసాలోది పైపైన తీసేసి తినకండి. మొత్తం పారబొయ్యండి.

జాడీమూత:
పై మాటలన్నీ సరైనవే. వానాకాలంలో ఎండ దొరక్కపోతే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పెట్టొచ్చు. సీసాలు చల్లటి ఓవెన్‌లో పెట్టాకే వెలిగించాలి. మూతలు మాత్రం అందులో పెట్టొద్దు.

జామ్ సీసాలవి మామూలు గాజు, ఒక్కసారిగా వేడి తగిలితే తట్టుకోవు. సలసల కాగే నీళ్ళు పోస్తే లోపలి పొర సాగుతుంది, బయటిది సాగదు, అడుగు ఊడి వస్తుంది. ఉడకబెట్టాలనుకుంటే గిన్నె అడుగున గుడ్డ పరిచి, చన్నీళ్ళలోనే సీసాలు పెట్టి, మరిగాక పది నిమిషాలు ఉంచండి. ముందు మూతి చుట్టూ గోటితో రాసి చూడండి, ఎక్కడైనా గీరుకుంటే అది పెచ్చు లేచిన సీసా, తిండికి వద్దు.

వాసన పట్టేది మూతలోని మెత్తటి వలయానికి. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి, ఎండలో వెయ్యండి. అప్పటికీ పోకపోతే ఆ మూత సీసా కందిపప్పుకీ మినప్పప్పుకీ వాడుకోండి. చీటీ జిగురుకి వంటసోడా, నూనె సమంగా కలిపి పూసి, అరగంట ఆగి రుద్దితే చాలు.

డల్లాస్_చింతపండు:
ఈ పాత సీసాల్లో వేడివేడిగా నింపి మూత బిగిస్తే, చల్లారాక మూత మధ్య లోపలికి కుంగుతుంది. అది చూసి ఏడాది నిలవ ఉంటుందనుకోవద్దండీ. జామ్ మూతలు ఫ్యాక్టరీలో ఒక్కసారి బిగించడానికి చేసినవి. ఇక్కడ అమెరికాలో టమాటాలు నిలవ చెయ్యడానికి వాడే మేసన్ సీసాలకి కూడా పైన పెట్టే బిళ్ళ మూత ఒక్కసారికే, చుట్టూ తిప్పే కట్టు మాత్రం మళ్ళీ వాడొచ్చు. నూనె లేకుండా ఉడికించిన టమాటా గుజ్జుకైతే, పైంటు (దాదాపు అరలీటరు) సీసాలో టేబుల్ చెంచా నిమ్మరసం, అదీ పుల్లదనం ఒకేలా ఉండే, కొట్లో సీసాలో అమ్మే నిమ్మరసం వేసి, సీసా మునిగేలా మరిగే నీళ్ళలో 35 నిమిషాలు ఉంచాలి. వెయ్యి అడుగుల ఎత్తు దాటిన ఊళ్ళలో ఇంకాసేపు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది వెల్లుల్లి దగ్గర. ఆవకాయలో వెల్లుల్లికి ఉప్పూ మామిడి పులుపూ కాపలా. ఉత్త నూనెలో వెల్లుల్లి నానేసి బయట పెడితే పులుపూ లేదు, గాలీ ఆడదు. బొటులిజం సూక్ష్మజీవి పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. రంగూ వాసనా మారకుండానే విషం తయారవుతుంది. చేస్తే కొద్దిగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి.

గోంగూరకట్ట:
ధన్యవాదాలండీ. బూజు సీసా పారబోశాం. తుప్పు మూతలు తీసేసి, మిగతా సీసాలు రేపు ఎండలో పెడతాం. మూతికి పెచ్చులేచినవి రెండు కనిపించాయి, అవి విడిగా తీసి పెట్టాం.